తొమ్మిదో గడి

ఆ పార్కింగ్ స్థలంలో తెల్లరంగుతో గీసిన గళ్ళు నలభై. రోజూ అక్కడ నిలిచే కార్లు అరవై. మిగిలిన ఇరవై ఎక్కడ పడతాయో గీతలు గీసినవాళ్ళకు తెలియదు, స్థలాన్ని వేలంలో పాడుకున్న కాంట్రాక్టరుకూ తెలియదు. నంబరు బాబాయి ఒక్కడికే తెలుసు.

చుట్టూ ఎత్తైన ఆఫీసులు, ఒక బ్యాంకు, రక్తపరీక్షలు చేసే ల్యాబు. వాటి మధ్య, ఎప్పుడో కూల్చేసిన గోడౌను వదిలి వెళ్ళిన ఖాళీ నేల. తొమ్మిదిన్నరకల్లా గళ్ళన్నీ నిండిపోతాయి. ఆ తర్వాత వచ్చిన కార్లను బాబాయి గళ్ళకు అడ్డంగా పెట్టిస్తాడు. అలా పెట్టినవాళ్ళు గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా దిగిపోవాలి. లోపలి కారు బయటికి రావాల్సి వచ్చినప్పుడు బాబాయి అడ్డంగా ఉన్నదాని వెనక్కి వెళ్ళి, రెండు అరచేతులూ డిక్కీ మీద ఆనించి, ఒళ్ళంతా ముందుకు వాల్చి నెడతాడు. కారు కాస్త మొరాయించి కదులుతుంది. లోపలిది వెళ్ళిపోయాక మళ్ళీ ముందు నుంచి నెట్టి దాని చోట దాన్ని పెడతాడు. పదకొండేళ్ళుగా అతని పని అదే.

అక్కడికి వచ్చేవాళ్ళ పేర్లు అతనికి తెలియవు. నంబరు ప్లేటు చివర ఉండే నాలుగు అంకెలే పేరు. "ఇరవైరెండు పదిహేడుకి ఆడపిల్ల పుట్టిందట. ముప్పైమూడు సున్నానాలుగు ఇంట్లో గొడవపడి వచ్చాడు, బ్రేకు తొక్కిన తీరు చూడు" అంటాడు, గేటు పక్కన టీ అమ్మే అక్కతో.

"వాళ్ళకి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు ఉంటాయి బాబాయ్" అంటుంది టీ అక్క.

"ఉంటే ఉండనీ. అవి కారు వెనక రాసుండవుగా."

అతను మనుషులను ఎప్పుడూ కూర్చున్నవాళ్ళనే చూశాడు. అద్దం దిగుతుంది, ఒక తల, ఒక భుజం, టికెట్టు కోసం చాచిన చెయ్యి కనిపిస్తాయి. వాళ్ళు తలుపు తీసుకుని దిగేసరికి అతను పక్క కారు దగ్గర ఉంటాడు. కొందరి చేతి గడియారం చూస్తే పోల్చుకోగలడు గాని, వాళ్ళే పాదచారులై రోడ్డు మీద ఎదురుపడితే ఎవరో తెలియదు.

ఇంటి దగ్గర మాట్లాడేవాళ్ళు లేరు. కూతురి రెండో కాన్పుకని వాళ్ళ ఊరు వెళ్ళిన భార్య మూడు నెలల్లో వస్తానంది. ఆ పుట్టిన పిల్లాడు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగస్తులే కాబట్టి ఆమె అక్కడే ఉండిపోయింది. కోపతాపాలేమీ లేవు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తుంది. "తిన్నావా?" అంటుంది. "తిన్నా" అంటాడు. "ఏంటి విశేషాలు?" అంటుంది. "ఏముంటాయి" అంటాడు. అవతల పిల్లాడు ఏడుస్తాడు. ఫోన్ పెట్టేస్తుంది. గదిలో రెండు కంచాలు, రెండు గ్లాసులు ఉన్నాయి. అతను ఒక రోజు ఒక కంచం, మరో రోజు రెండోది వాడతాడు, రెండూ సమానంగా అరగాలని.

నిజానికి విశేషాలు లేకపోలేదు. వాటిని అతను పొద్దుటికి దాచుకునేవాడు. నలభైయారు పదకొండు కోసం.

నలభైయారు పదకొండు అంటే మీగడరంగు పాత చిన్న కారు. కుడివైపు అద్దానికి టేపు చుట్టి ఉంటుంది. మూడో అంతస్తులోని ఆడిట్ ఆఫీసులో హెడ్‌క్లర్కుగా పనిచేసే ఆయనది. నెల పాసు. గోడవారగా ఉన్న తొమ్మిదో గడి ఆయనకు రాసిచ్చినది. పదింటికి అయిదు నిమిషాల ముందు వస్తాడు. అప్పటికి ఆ గడికి అడ్డంగా రెండు కార్లు ఉంటాయి. వాటిని నెట్టడానికి మూడు నిమిషాలు పడుతుంది. మిగతావాళ్ళయితే ఆ మూడు నిమిషాలూ హారన్ కొట్టడమో ఫోన్ చూసుకోవడమో చేస్తారు. ఆయన మాత్రం అద్దం దించి తల బయటికి పెడతాడు.

"ఈవేళ ఎన్ని నెట్టారు?"

"దీంతో పదకొండు సార్."

"భుజం ఎలా ఉంది?"

"ఉన్నచోటే ఉంది సార్."

"కదలకుండా జీతం తీసుకుంటోందన్నమాట. మా ఆఫీసులో చేర్పించండి."

అందరూ నువ్వనే చోట ఆయన మీరనేవాడు. ఆ మాట విన్న మొదటి రోజున బాబాయి వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరితోనో అంటున్నాడేమోనని. తర్వాత అలవాటైంది. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన వాటిలో ఒకటి ఏరి పెట్టుకునేవాడు: కారులో తాళంచెవి వదిలి తలుపు వేసుకున్న డాక్టరు సంగతి, బ్యాంకు మేనేజరు కారు మీద గుడ్లు పెట్టాలని చూసిన పావురం సంగతి. పొద్దున్న నెడుతూ నెడుతూ చెప్పేవాడు. మూడు నిమిషాలకు సరిపోయేలా కుదించుకోవడం కూడా వచ్చేసింది. అయిదేళ్ళు అలా గడిచాయి.

ఒక సోమవారం నలభైయారు పదకొండు రాలేదు.

జ్వరమేమోననుకున్నాడు. మంగళవారం కూడా రాలేదు. తొమ్మిదో గడికి అడ్డంగా తాడు కట్టి ఉంచాడు. బుధవారం టీ అక్కను అడిగాడు, ఆయన పేరేమిటో, ఇల్లెక్కడో తెలుసా అని.

"నీకు తెలియంది నాకెలా తెలుస్తుంది? నా దగ్గర టీ తాగితేగా."

ఆ శుక్రవారం పైకి వెళ్ళి ఆడిట్ ఆఫీసులో అడిగాడు. లిఫ్టు దిగగానే గాజు తలుపు, దాని వెనక కొత్తగా చేరిన అమ్మాయి. "ఎవరు కావాలి?" అంది. "నలభైయా..." అని ఆగిపోయాడు. "హెడ్‌క్లర్కు గారండీ." "ఏ హెడ్‌క్లర్కు? ఇద్దరున్నారు." "కారున్నాయన." ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, అందరికీ కార్లున్నాయి అంది. కింద ఎవరో హారన్ కొడుతున్నారు. మెట్ల మీదుగా దిగి వచ్చేశాడు.

మనిషిని వెతకడానికి తన దగ్గర నాలుగు అంకెలు తప్ప మరేమీ లేవని ఆ మెట్ల మీదే అతనికి అర్థమైంది.

ఆ రోజుల్లోనే కాంట్రాక్టరు కొత్త ఆర్డరు ఒకటి వేశాడు. బస్టాపుకు దగ్గర దారి అని జనం పార్కింగ్ మధ్యనుంచి నడిచి పోతున్నారు, ఎవరి సంచీ జిప్పో గీసుకుని ఒక కారు రంగు పోయింది. నడిచేవాళ్ళెవరూ లోపలికి రాకూడదు, పక్క గేటు నుంచి పోవాలి. బాబాయి మెడలో విజిల్ వేసుకున్నాడు. రోజంతా నెట్టడం, విజిల్ వెయ్యడం. ఒక పొద్దున నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న పొడుగాటి మనిషి ఒకాయన తొమ్మిదో గడి దగ్గర తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాబాయి అప్పుడు వ్యాను ఒకటి నెడుతున్నాడు. వెనక నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. తల ఎత్తకుండానే విజిల్ వేశాడు. "ఇటు దారి లేదు సార్, పక్క గేటు." ఆ మనిషి ఏదో అనబోయాడు. హారన్లు మోగాయి. బాబాయి మళ్ళీ విజిల్ వేశాడు. రెండు రోజుల తర్వాత అదే మనిషి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే విజిల్.

నెల ముగియబోతుండగా కాంట్రాక్టరు తాడు చూశాడు.

"ఏంటిది, పెళ్ళిపందిరా? తాడు కట్టావు."

"పాసు వాళ్ళది అన్నా. ఒంట్లో బాగోక రాలేదు."

"నీకు చెప్పి బాగోలేకుండా పోయాడా? పాసు రేపటితో అయిపోతుంది. ఎల్లుండి ఇంకొకళ్ళకి ఇచ్చెయ్. అవతల చోటు కోసం బతిమాలుతున్నారు జనం."

అది నిజమే. గడి ఒకసారి చేజారితే మళ్ళీ రాదు, పదిమంది వరుసలో ఉన్నారు. ఆయన తిరిగి వచ్చేసరికి తొమ్మిదిలో వేరే కారు ఉంటే ఆయన ఏం చేస్తాడు? నాలుగు వీధుల అవతల అంతస్తుల పార్కింగ్ ఉంది, అక్కడ పెట్టుకుంటాడు. యంత్రం చీటీ ఇస్తుంది. ఇక ఇటు రావాల్సిన పనే ఉండదు. బాబాయికి ఆ రాత్రి కంచం ముందు కూర్చుంటే ఇదే కనిపించింది. భార్య ఫోన్‌లో "ఏంటి విశేషాలు?" అంటే ఈసారి చెబుదామనుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "ఏముంటాయి" అన్నాడు.

మర్నాడు తన జీతంలోంచి తొమ్మిదో గడికి నెల పాసు కట్టాడు.

కాంట్రాక్టరు రసీదు పుస్తకం తీసి అతని వంక చూశాడు. "కారు కొన్నావా?"

"లేదన్నా. ఆయన పంపించారు."

"పేరు?"

"నలభైయారు పదకొండు."

విషయం కనిపెట్టింది టీ అక్క. "కారు లేనివాడు పార్కింగ్‌కి డబ్బు కట్టడం నేనెక్కడా వినలేదు" అంది. "నీకేమైనా అయిందా బాబాయ్?" అని నుదుటి మీద చెయ్యి పెట్టబోయింది. ఆ తర్వాత వారం రోజులు అతనికిచ్చే టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసింది, ఏమీ అడగలేదు.

పన్నెండో తారీకు, పదీ పది నిమిషాలకు, మీగడరంగు కారు గేటులోకి వచ్చింది. కుడి అద్దానికి టేపు. నలభైయారు పదకొండు.

బాబాయి పరిగెత్తాడు. అడ్డంగా ఉన్న రెండు కార్లనూ ఎన్నడూ లేనంత వేగంగా నెట్టాడు. తాడు విప్పి భుజం మీద వేసుకుని, ఊపిరి అందకుండా కిటికీ దగ్గరికి వచ్చి, "తొమ్మిదో నంబరు అలాగే ఉంది సార్" అన్నాడు.

అద్దం దిగింది. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది.

"నంబరు బాబాయి అంటే మీరేనా అంకుల్? నేను ఇక్కడ ల్యాబులో చేరాను. ఈ కారు కొత్తగా కొన్నాను. కొత్తగా అంటే పాతదే. ఎక్కడ పెట్టుకోవాలో తెలీక భయపడుతుంటే, అమ్మినాయన చెప్పారు. అక్కడ ఒక బాబాయి ఉంటారు, ఈ నంబరు చూపించు చాలు, చోటు ఆయనే చూస్తారన్నారు."

"ఆయనేరి?"

"ఇంట్లోనే ఉంటున్నారు. కళ్ళు సరిగా కనపడట్లేదట. డ్రైవింగ్ మానెయ్యమన్నారు, ఉద్యోగమూ మానేశారు. మీకు చెప్పడానికే రెండుసార్లు వచ్చారట అంకుల్. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. మీరు విజిల్ వేసి పక్క గేటు నుంచి పొమ్మన్నారట. నవ్వుతూనే చెప్పారులెండి."

వెనక హారన్ మోగింది, తర్వాత ఇంకోటి. బాబాయి తాడు మళ్ళీ కట్టేశాడు. ఆ కారును తొమ్మిదో గడిలో పెట్టించడానికి మాత్రం చేతులు రాలేదు. "అది వేరేవాళ్ళది తల్లీ" అని దూరంగా ఇరవైయారో గడి దగ్గర అడ్డంగా పెట్టించాడు. "న్యూట్రల్‌లో వదిలెయ్. బ్రేకు వెయ్యకు." సాయంత్రం ఆ అమ్మాయి వెళ్ళబోతుంటే కారు కాగితాల్లో ఉన్న పాత చిరునామా చదివించుకుని, టికెట్టు వెనక రాసుకున్నాడు.

ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళాడు. నాలుగంతస్తుల పాత అపార్టుమెంటు. బెల్లు కొడితే తెల్లజుట్టు ముసలావిడ తలుపు తీసింది. అతను నోరు విప్పేలోగా, "ఇప్పుడొచ్చావా? మూడు రోజుల్నుంచి కారుతోంది. రా, రా" అని వంటింట్లోకి తీసుకుపోయింది. అతను రెండుసార్లు "అది కాదమ్మా" అన్నాడు. ఆవిడకు సరిగా వినబడదని అర్థమైంది. సింకు పైన కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. ఏం చెయ్యాలో తోచక దాని తల విప్పి, లోపలి రబ్బరు బిళ్ళ తిరగేసి, మళ్ళీ బిగించాడు. కారడం ఆగింది.

"ఎవరక్కయ్యా?" అని గట్టిగా అడుగుతూ లోపలి గదిలోంచి ఒకాయన వచ్చాడు.

"పంపు మనిషి" అంది ఆవిడ.

చాలా పొడుగు మనిషి. తల గుమ్మానికి తగలకుండా వంచి వచ్చాడు. ఆ చిన్న కారులో ఇంత మనిషి అయిదేళ్ళు ఎలా ముడుచుకు కూర్చున్నాడో బాబాయికి అర్థం కాలేదు. అంత ఎత్తున చూస్తే ఆ ముఖమే కొత్తగా ఉంది. గొంతు మాత్రం అదే.

"నేను సార్. పార్కింగ్."

ఆయన ఆ మాట వచ్చిన వైపు తల కొంచెం పక్కకు తిప్పి చూశాడు. నెమ్మదిగా నవ్వాడు. "ఈవేళ ఎన్ని నెట్టారు?"

"ఈవేళ సెలవు సార్. కుళాయొకటి బిగించా."

ఇద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. ముసలావిడ టీ తెచ్చి, పంపు మనిషికి డబ్బులిచ్చి పంపమని తమ్ముడికి చెప్పి వెళ్ళింది.

"ఆ రోజు మిమ్మల్ని గుర్తుపట్టలేదు సార్" అన్నాడు బాబాయి. బస్సులో రెండు గంటలు ఈ వాక్యమే అనుకుంటూ వచ్చాడు.

"కారు లేకుండా నేనెవరో మీకెలా తెలుస్తుంది? నాకిప్పుడు చూపు మధ్యలో మసక. పక్కల మాత్రం కనపడుతుంది, ఎదురుగా ఉన్న ముఖం కనపడదు. ఇద్దరికీ సరిపోయింది."

"ఒక్క మాట చెప్పుంటే ఆగేవాణ్ణి సార్."

"చెబుదామనే వచ్చా. మీ వెనక నాలుగు కార్లు అరుస్తున్నాయి. నా పని వాటికంటే చిన్నదనిపించింది."

బాబాయి తల దించుకున్నాడు. తర్వాత పావురం సంగతి చెప్పాడు: ఆ కారు నిలిచే చోటే గోడ సందులో గూడు కట్టింది, పిల్లలు లేచాయి, మేనేజరు వాటి కోసం కారు అక్కడ పెట్టడం మానేశాడు. ఆయన నవ్వాడు. భుజం ఎలా ఉందని అడిగాడు. ఉన్నచోటే ఉందన్నాడు. ఆ తర్వాత ఇద్దరి దగ్గరా మాటలు అయిపోయాయి. మూడు నిమిషాలే పట్టింది. ఫ్యాను తిరుగుతోంది. గోడ మీద క్యాలెండరు ఆకు లేచి పడుతోంది. బాబాయి చల్లారిన టీ చివరి గుక్క దాకా తాగాడు. ఆయన కుర్చీ చెయ్యి మీద వేలితో గీతలు గీస్తున్నాడు. ఏదైనా నెడుతూ ఉంటే మాట వచ్చేదేమో. ఊరికే కూర్చుని ఎలా మాట్లాడాలో బాబాయికి తెలియదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.

"వెళ్ళొస్తా సార్" అని లేచాడు.

"కింద దాకా వస్తా ఉండండి."

మెట్ల మీద గోడకు చెయ్యి ఆనించుకుంటూ ఆయన దిగాడు. బాబాయి పక్కన నడిచాడు, పట్టుకోవాలా వద్దా అని చెయ్యి సగం చాపి. కింద స్తంభాల మధ్య కార్లు పెట్టుకునే చోటు. రెండు స్తంభాల నడుమ ఖాళీ నేల చూపించి, "ఇదే నాది" అన్నాడు ఆయన. నూనె మరక నల్లగా ఉంది. ఇద్దరూ అందులోకి వెళ్ళి నిలబడ్డారు.

"మీది ఇంకా ఉంది సార్ అక్కడ" అన్నాడు బాబాయి ఉన్నట్టుండి. "తొమ్మిది. నెలాఖరు దాకా మీదే."

"పాసు అయిపోయిందిగా?"

"లేదు సార్. ఉంది."

లెక్కలు చూసిన మనిషి, ఎవరు కట్టి ఉంటారో అడగలేదు. "కారు లేదుగా, ఏం చేసుకోను?"

"వచ్చి నిలబడండి. పది దాకా. ఎవరూ విజిల్ వెయ్యరు."

"నిలబడితే గంటకెంత?"

"పాసుంది కదా సార్."

ఆయన గట్టిగానే నవ్వాడు. తర్వాత, "రెండోసారి వచ్చినప్పుడు తప్పు బస్సెక్కాను. ముందున్న నంబరు నాకు కనపడట్లా. ఎవర్నైనా అడగాలంటే మొహమాటం" అన్నాడు. బాబాయి మీ ఇంటి ముందు ఏ బస్సులు ఆగుతాయి, ఎన్నింటికి, ఎన్నో బస్సు ఎక్కాలి అని వరసగా చెప్పుకొచ్చాడు. పొద్దున్న వచ్చేటప్పుడు స్టాపులో నిలబడి చూసుకున్నవే. ఆయన వింటూ తల ఊపాడు. "చూద్దాం" అన్నాడు.

అప్పుడే ర్యాంపు మీంచి ఒక కారు దిగి వచ్చి వాళ్ళ ముందు ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టాడు. "అంకుల్, కొంచెం పక్కకి వస్తారా? ఈ చోటు పై ఫ్లోర్ వాళ్ళం, మాకు అద్దెకిచ్చారుగా."

"అవునవును, మర్చిపోయా" అని ఆయన స్తంభం వారకు జరిగాడు. ఇరుకు చోటు. కారు రెండుసార్లు ముందుకీ వెనక్కీ పోయి ఇరుక్కుంది. బాబాయి చేతులు వాటంతటవే లేచాయి. "రానీయండి, రానీయండి, కుడి, ఇంకొంచెం కుడి, చాలు, నేరుగా" అంటూ వెనక నడుస్తూ దాన్ని లోపలికి తెచ్చి నిలబెట్టాడు. ఆయన నూనె మరక ఆ కారు కిందికి పోయింది.

తర్వాత రోజుల్లో బాబాయి పదింటికి అయిదు నిమిషాల ముందు పక్క గేటు వైపు చూసేవాడు. నడిచి వచ్చే ప్రతి మనిషినీ చూశాడు. పొడుగాటివాళ్ళు కనిపిస్తే నెడుతున్న కారును వదిలేసి నిలబడ్డాడు. నెలలో చివరి రోజు వచ్చింది. పది దాటింది, పదకొండు దాటింది. కాంట్రాక్టరు వచ్చి, రేపటినుంచి పాసు ఎవరికి రాయాలో చీటీ ఇచ్చి పోయాడు.

సాయంత్రం నాలుగింటికి ఒక నీలం కారు మూడోసారి చుట్టూ తిరిగి వచ్చింది. ల్యాబులో రిపోర్టు తీసుకోవాలట, ఎక్కడా చోటు దొరకలేదట. బాబాయి తాడు విప్పాడు. కారు తొమ్మిదో గడిలోకి వెళ్ళి నిలిచింది. అతను టికెట్టు చింపి ఇచ్చాడు. ఎప్పటిలా తర్వాతి కారు దగ్గరికి వెళ్ళలేదు, తలుపు పక్కనే ఉన్నాడు. డ్రైవరు కాళ్ళు బయట పెట్టి, తల తప్పించుకుని, నిలువునా లేచి నిలబడ్డాడు.

"ఏంటి?" అన్నాడు డ్రైవరు, బాబాయి కదలకపోవడం చూసి.

"ఏం లేదు సార్" అన్నాడు బాబాయి. "మీరెంత పొడుగో చూస్తున్నా."